పన్నెండో గౌను

రిజిస్ట్రారు గారికి నమస్కారాలు.

పదో తరగతి పరీక్ష తర్వాత నేను కలం పట్టలేదు. దేవుడి ముందు తల ఎత్తలేకపోతున్నాను కాబట్టి ఇప్పుడు పట్టాను. యూనివర్సిటీ ముప్పయ్యేళ్ల పుస్తకంలో ‘ప్రముఖ పట్టభద్రులు’ పేజీ నమూనా పంపారు. అందులో ఏడో పేరు నాది! మొదటి బ్యాచ్ ఫొటోలో ఉన్నది నేనే కానీ, నేనక్కడ చదవలేదు బాబూ. అచ్చు కాకముందే తీసేయండి.

ఇట్లు,
కుట్టుపని చేసుకునే మనిషి.

తా.క.: ఫొటోలో నా టోపీ వెనక్కి తిరిగి ఉంది. చదివినవాళ్లు అలా పెట్టుకుంటారా?

*

గౌరవనీయ పూర్వ విద్యార్థిని గారికి,

మీ వినయానికి జోహార్లు. గొప్పవాళ్లంతా ఇలాగే అంటారు. మిమ్మల్ని మూడో స్థానానికి జరిపాం. నేనూ మొదటి బ్యాచే. ఫొటోలో మీ పక్కనే ఉన్నాను.

భవదీయుడు,
రిజిస్ట్రారు.

తా.క.: ‘కుట్టుపని’ని ‘వస్త్ర పరిశ్రమ అధినేత్రి’గా దిద్దాం.

*

అయ్యా, నమస్కారం.

నాకున్నది ఒక్క మిషను, అదీ కాలితో తొక్కేది. మీ యూనివర్సిటీ పుట్టింది మా టైలరు దుకాణం మేడ మీది రెండు గదుల్లో. యూనివర్సిటీ పెట్టిన పెద్దాయన పట్టాల పండక్కి నాచేత పన్నెండు గౌన్లు కుట్టించారు. తీరా పాసైంది పదిమంది. “గౌన్లు ఊరికే వేలాడితే ఏం బాగుంటుంది? నువ్వొకటి తొడుక్కోమ్మా” అన్నారు. కాదనలేకపోయాను. అంతే నా చదువు.

ఇట్లు,
అదే మనిషి.

*

గౌరవనీయ పూర్వ విద్యార్థిని గారికి,

తొలి ప్రాంగణంలోనే జీవితం గడిపారన్నమాట! గురువారం సభలో వేదిక మీద నా పక్కనే మీ కుర్చీ. పది నిమిషాలు మాట్లాడాలి.

రిజిస్ట్రారు.

తా.క.: జాబితాలో మీరు ఒకటికి వచ్చారు. నేను రెండుకు దిగాను.

*

బాబూ,

సభలో అబద్ధం ఆడలేను. నిజం చెబితే మీకు బాగుండదు. పన్నెండో గౌను సంగతి ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నాను. ఆ రోజు ఒకాయన ప్యాంటు నడుము బిగుతు చేయించుకోవడానికి వచ్చి, తువ్వాలు చుట్టుకుని తెర వెనక నిలబడ్డారు. పెద్దాయన ఆయనకూ గౌను తొడిగి నా పక్కన నిలబెట్టారు. ఫొటో కాగానే మేడెక్కించి, చదువులో చేర్చుకున్నారు. ఆయన సిగ్గుపడి మళ్లీ దుకాణం గడప తొక్కలేదు. తర్వాత బుద్ధిగా చదివి పైకొచ్చారు, సంతోషం. ప్యాంటు పార్శిల్లో పంపుతున్నాను.

ఇట్లు,
మీ పక్కన నిలబడ్డ మనిషి.

తా.క.: నడుము దగ్గర రెండంగుళాల గుడ్డ లోపలే వదిలాను. విప్పించుకోండి.

*

అమ్మా,

ఆ ఫొటోలో దొంగను నేనొక్కణ్ణే అనుకుని ఇన్నేళ్లూ బతికాను. మీ పేరు తీసేశాం. నా పేరు నాలుగో బ్యాచ్‌లోకి, దాని అసలు చోటికి దిగింది. ‘మొదటి గౌన్లు కుట్టినది ఈమె’ అని చరిత్ర పేజీలో ఒక్క వాక్యం ఉండనివ్వండి. అది నిజమే కదా! ఈ ఉత్తరాలు భద్రంగా దాచండి, ఎవరికీ చూపించకండి.

మీ
పన్నెండో గౌను.

తా.క.: రెండంగుళాలు చాలలేదు.