పేర్లు లేకుండా పంపను

బావగారికి,

కాంట్రాక్టరు అడిగిన రోడ్డు డ్రాయింగు నేనింకా పంపలేదు. దాన్లో భూమి కింది ఒక్కో రకం పైపునూ ఒక్కో లేయరులో, అంటే విడి పొరలో, పేరు రాసి గీశాను. "గీతలుంటే చాలు కదా, లేయర్ల పేర్లతో ఏం పని?" అని మీరు ఫోన్లో విసుక్కున్నారు. కిందటిసారి పేర్లు వాళ్ళకు కనిపిస్తాయో లేదో చూడకుండానే పంపాం. వాళ్ళ సాఫ్ట్‌వేర్లో తెరిచేసరికి పేర్లన్నీ ఎగిరిపోయాయి. ఏది గ్యాస్ పైపో, ఏది మురుగు పైపో తెలియక తవ్వినతని ముఖం గ్యాసు అంటుకుని కాలింది. ఆసుపత్రిలో అతని భార్య, "అది గ్యాసని ఎవరూ రాయలేదామ్మా?" అని నన్నే అడిగింది. రాశాను బావగారూ.

ఈసారి ముందు నమూనా ఫైలు పంపుతాను. వాళ్ళ దగ్గర ప్రతి పేరూ నిలిచిందని నా కళ్ళతో చూశాకే అసలుది ఇస్తాను. మీ ఆఫీసులో నా ఉద్యోగం తీసేస్తారా, తీసేయండి. అక్కతో చెప్పించాలని మాత్రం చూడకండి. ఇదంతా చదివి వినిపిస్తే, "పేర్లు లేకుండా పంపావంటే నా గడప తొక్కకు" అంది.

మీ మరదలు