తీగకు పసుపు

అన్నా,

నువ్వు పోయాక మేడమీదే ఉండిపోయిన నీ లినక్స్ కంప్యూటర్ డ్రైవ్ ఈరోజు కింద కొట్లో, నా విండోస్‌లో తెరుచుకుంది! మధ్యలో ఒక్క నెట్‌వర్క్ తీగ, అంతే. నువ్వు చేసిన పెళ్లికార్డులన్నీ కనిపిస్తున్నాయి. వడమాలపేట పెళ్లివారికి అందులోదే నచ్చింది. ఇక ఫ్లాపీ పట్టుకుని మెట్లు దిగే పనే లేదు.

కార్డున్న ప్రతి ఫ్లాపీకీ పసుపు పూసే నాయనకే దిగులు. "ఇంక పసుపు యాడ పెట్టేదమ్మా?" అన్నాడు.

ఆ పసుపుతో ఫ్లాపీ డ్రైవ్ పాడైనప్పుడల్లా నువ్వు మెట్లమీద నుంచి అరిచేవాడివి: "నాయనా, అది మిషను, పెండ్లికూతురు కాదు!"

చివరికి తీగకే పసుపు రాశాడు. రాసి, మెట్లవైపు చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపని ఊరుకుంటాను? నీ మాటే గట్టిగా అరిచాను.

"ఆఁ, ఇప్పుడు ప్రింటు కొట్టు" అని నవ్వాడు.