మూర్ఛ వస్తుందని మా అమ్మాయిని బడికి రానివ్వకపోవడం గురించి

విద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నాలుగో తరగతి చదువుతున్న నా కుమార్తెను తిరిగి బడిలో కూర్చోనిచ్చుట గురించి.

గడియారాలు బాగుచేసుకొని బతికే నేను తమకు విన్నవించుకునేది:

1. ఆరు నెలల క్రితం నా కుమార్తె పార్కులో జారుడుబల్ల పైనుంచి పడగా తలకు బలమైన గాయమై, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నది. గాయం మానిన రెండు నెలలకు మూర్ఛలు మొదలైనవి. మెదడుకు దెబ్బ తగిలిన పిల్లల్లో కొందరికి ఇలా వస్తుందని, మందులు తప్పకుండా వేస్తూ బడికి నిక్షేపంగా పంపవచ్చని డాక్టరమ్మ వ్రాసి ఇచ్చినారు.

2. తదుపరి ఒకనాడు తరగతిలో మూర్ఛ వచ్చినది. డ్రాయింగు మాస్టారు కంగారులో నోట్లో చెక్క స్కేలు పెట్టగా పాలపన్ను ఒకటి ఊడినది. అది ఎలాగూ ఊగుతున్నదే గనుక ఫిర్యాదు లేదు. అటెండరు మాత్రం లాంగ్ బెల్ కొట్టి బడి మొత్తాన్ని ఇంటికి పంపినాడు. మర్నాడు మా ఇంటికి వచ్చిన తోటి పిల్లలు, "మళ్ళీ ఎప్పుడొస్తుందే? లెక్కల పరీక్ష రోజు రాకూడదూ?" అని దాన్ని బతిమాలినారు.

3. మూర్ఛ అరగంట ఉన్నట్లు ప్రధానోపాధ్యాయురాలు వ్రాసినారు. ఆ గది గడియారం ఏడాదిగా ఆగి ఉన్నది. పక్కన కూర్చునే పిల్ల అంకెలు లెక్కపెట్టగా మూర్ఛ ఆగేసరికి నూటపది వచ్చినవి, అనగా రెండు నిమిషాలైనా కాదు. నేను ఆ పిల్లనే నమ్ముతున్నాను.

4. "పూర్తిగా తగ్గాక తీసుకురండి" అని ఆమె అన్నారు. నలభై రోజులైనది. పిల్ల నా కొట్లోనే కూర్చుంటున్నది. అయ్యా, తప్పు నాది కూడా. చేతిలో వాచీ వదిలేసి దాని రెప్పల వైపే చూస్తున్నాను. నిన్న కుర్చీ ఎక్కితే అరిచాను. "పెద్ద టీచరు బడికి రానివ్వదు, నువ్వు కుర్చీ ఎక్కనివ్వవు. పడింది ఒక్కసారే కదా నాన్నా!" అన్నది.

కావున పిల్లను చేర్చుకొమ్మని ఉత్తర్వు ఇప్పించి, మూర్ఛ వచ్చినప్పుడు నోట్లో ఏదీ పెట్టరాదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి తల కింద మెత్తటిది ఉంచాలని, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సును పిలవాలని ఉపాధ్యాయులకు ఒక పూట నేర్పించగలందులకు, ఒక తండ్రి మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వాచీల కొట్టువాడు

తా.క.: కవరు అంటించబోతుండగా డ్రాయింగు మాస్టారు కొట్టుకు వచ్చి, "పక్కకెలా తిప్పాలో ఒకసారి చూపిస్తారా?" అని అడిగినారు. మా అమ్మాయి నేలమీద కళ్ళు మూసుకొని పడుకున్నది. ఆయన నాలుగుసార్లు తిప్పినారు. "మెల్లిగా మాస్టారూ, నేను బస్తాను కాను!" అని అది పడీ పడీ నవ్వింది. సోమవారం తానే తరగతిలో కూర్చోబెడతానని ఆయన మాటిచ్చినారు. ఉత్తర్వు ఆలోగా ఇప్పించండి. అందకపోయినా పిల్ల వస్తుంది.