ఊపిరికి చోటు

26 ఫిబ్రవరి 1979, సోమవారం

లూసియెన్ బర్తాస్ గారికి మాట తిరిగి వచ్చిందట. డిసెంబరులో పక్షవాతం వచ్చినప్పటి నుంచి నా ప్రార్థన అదొక్కటే. కానీ చాలా నెమ్మదిగా వస్తోందట.

డైరెక్టర్ రెజీస్ గారు నా టేబుల్ దగ్గరికి వచ్చి చెప్పారు. అక్టోబరులో లె హావ్ర్ ఓడరేవులో ఆయనతో తీసిన సినిమాలో గాలి హోరు తప్ప మాటలు వినపడటం లేదు. అన్నీ స్టూడియోలో మళ్లీ చెప్పించాలి. మార్చి పన్నెండున బర్తాస్ గారికి ఒక్క రోజు ఇస్తారట. కుదరకపోతే మిమిక్రీ చేసే అతను సిద్ధంగా ఉన్నాడు. బర్తాస్ కన్నతల్లి లేచొచ్చినా తేడా కనిపెట్టలేదండీ ఒడీల్ గారూ అన్నారు. తల ఊపి మళ్లీ కలం పట్టుకున్నాను.

బర్తాస్ గారిది దేశమంతా కళ్లు మూసుకుని గుర్తుపట్టే గొంతు. అరవై మూడు సినిమాలు. తెర కింద పరుగెత్తే పట్టీ మీద సిరాతో మాటలు రాయడం నా పని. పెదవులు సాగిన చోట అక్షరం సాగాలి, మూసుకున్న చోట ఆగాలి. నటులు దాన్ని చూస్తూ చెబుతారు. ఆయన దొంగ అయినా, పోలీసు అయినా, రెండుసార్లు చర్చి ఫాదర్ అయినా, మాటలు నా చేతిరాతలోనే నడిచాయి.

28 ఫిబ్రవరి, విభూది బుధవారం

చర్చిలో విభూది పూజ నుంచి నేరుగా బర్తాస్ గారి ఇంటికి వెళ్లాను. నా నుదుటి బూడిద చూసి, ఏం సిస్టరమ్మా, డాక్టరు మాన్పించిన నా సిగరెట్లన్నీ నీ నుదుటి మీద ఆర్పావా అన్నారు. సిస్టరమ్మ అన్నది నా భక్తి చూసి ఆయన పెట్టిన పేరు. అంత మాటకు మూడుసార్లు ఆగారు.

పేపరు ఇచ్చి చదవమన్నాను. కోటు జేబులో జపమాల పట్టుకుని, ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా ఒక పూస జరిపాను. ఇది పాపమేమో ఫాదర్‌ని అడగాలి.

తిరిగి వస్తుంటే 1951 గుర్తొచ్చింది. ఆయన ఫెకాం రేవులో చేపల బుట్టలు మోసి వచ్చిన కొత్త నటుడు. నాకు ఉద్యోగంలో మొదటి వారం. ఆయనకు ఇచ్చింది ఒక్కటే డైలాగు: రైలు వెళ్లిపోయింది. నేను లెక్క తప్పి అక్షరాలు సాగదీశాను. ఆయన నిద్రలో పలవరించినట్టు చదివారు. అందరూ నవ్వారు. తప్పు నాదేనండీ, నాకు చదవడం సరిగ్గా రాదు అని ఆయనే నెత్తిన వేసుకున్నారు. నా ఉద్యోగం నిలబడింది.

3 మార్చి

నాలుగు మాటలకు ఒక ఊపిరి. అంతకన్నా అడగకూడదు.

8 మార్చి, గురువారం

సినిమాను ఎన్నిసార్లు తిప్పి చూశానో. ఇవాళ దారి కనిపించింది. ఆయన పదకొండు చోట్ల కెమెరాకు వీపు తిప్పుతారు. చాలాసేపు కెమెరా ఆయన కూతురిగా వేసిన అమ్మాయి ముఖం మీదే ఉంటుంది. ఆయన పెదవులు కనపడని చోట మాట ముందే మొదలైతే ఎవరికి తెలుస్తుంది? మాటలు అక్కడికి జరిపాను. ఊపిరికి చోటు వదిలాను. పట్టని పందొమ్మిది మాటలు తీసేశాను.

ఇన్నేళ్లలో ఎవరి మాటా ఒక్కటి మార్చి ఎరగను. వెళ్లి రెజీస్ గారికి చెప్పేశాను. పిల్లిని కూడా అదిలించలేని మనిషి మీరు, నా సినిమాకే కత్తెర పెట్టారా అన్నారు. పట్టీ మాత్రం చివరిదాకా చూశారు. సోమవారం సాయంత్రం దాకానే, తర్వాత నన్ను అడగొద్దు అన్నారు.

12 మార్చి, సోమవారం

ఉదయమంతా పాడైంది. ఆయన పట్టీని వదిలేసి తెర మీది తన నోటినే చూస్తున్నారు. ఆ నోరు పరుగెత్తుతుంటే ఈ నోరు వెనకబడుతోంది. వెనక కుర్చీలో మిమిక్రీ అతను హామ్ శాండ్‌విచ్ తింటున్నాడు. పదకొండింటికి బర్తాస్ గారు టోపీ విసిరేశారు. ఆ శాండ్‌విచ్ అబ్బాయికే ఇచ్చేయండయ్యా, నాకన్నా బాగా నాలా మాట్లాడతాడు అన్నారు.

ఆ గదిలో ఎవరూ నా గొంతు విన్న గుర్తు లేదు. లేచి మైకు దగ్గరికి వెళ్లాను. ఆ నోరు అక్టోబరుది, దాన్ని వదిలేయండి, నా రాత మాత్రం చూడండి అన్నాను. మళ్లీ తప్పు రాశావేమో సిస్టరమ్మా అన్నారు. ఈసారి మీ ఊపిరి లెక్కపెట్టి రాశాను అన్నాను.

వంగి, కింద పడిన టోపీ తీసి పెట్టుకున్నారు.

ఓడ ఎక్కుతున్న కూతురికి వీడ్కోలు చెప్పే సీను. నాలుగు మాటలు, ఊపిరి. మళ్లీ నాలుగు. కూతురి ముఖం మీద ఆ గొంతు గరుకుగా, నెమ్మదిగా నడిచి, పెదవులు కనపడే చోటికి సరిగ్గా చేరింది. రెజీస్ గారు కళ్లజోడు తీశారు. అక్టోబరులో ఈ గొంతు నాకు దొరకలేదు అన్నారు. శాండ్‌విచ్ సగంలోనే ఉండిపోయింది.

సాయంత్రానికి నాలుగు సీన్లు అయ్యాయి. మిగతావాటికి రేపు తొమ్మిదింటికి రమ్మన్నారు, బర్తాస్ గారినే. మిమిక్రీ అతను వెళ్లబోతూ ఆయనకు కోటు తొడిగాడు.

6 ఏప్రిల్, శుక్రవారం

ఆఖరి రీల్ అయిపోయింది. పట్టీ చివర రెండు జానల ఖాళీ మిగిలింది. వృథాగా పోతుంది, ఏదో ఒకటి రాయవమ్మా అన్నారు బర్తాస్ గారు. రైలు వెళ్లిపోయింది అని రాశాను, 1951లో సాగదీసినంత సాగదీసి.

తెర మీద నోరు లేదు. సముద్రమే ఉంది.

రైలు ఇంకా వెళ్లలేదు అని చదివారు. నేను రాసింది రాసినట్టు ఆయన చదవకపోవడం ఇదే మొదటిసారి.