కుడి పక్క ఈల

ఏప్రిల్ 14

గౌరవనీయులైన వదినగారికి,

నమస్కారాలు. మేము కులాసా, మీరూ అంతేనని తలుస్తాను.

ఈ ఉత్తరం ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. వచ్చే నెల మన మనవరాలు గువ్వ సెలవుల్లో సగం మీ దగ్గర గడిపి, మిగతా సగానికి మా ఇంటికి వస్తుంది. ఆలోపు ఇక్కడ ఒక పని చక్కబడాలి. ఫోను చేయవచ్చు. కాని ఫోనంటే ఒక పక్క మా అబ్బాయి వింటాడు, ఇంకో పక్క మీ అమ్మాయి వింటుంది, తరవాత ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటారు. కాగితం మీద మాట పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. ఉద్యోగమంతా బడిలో లెక్కలు చెప్పిన దాన్ని, నోటిలెక్క మీద నాకు నమ్మకం తక్కువ.

విషయం మా వారి గురించి. నిద్రలో ఆయనకి ఊపిరి మధ్యమధ్య ఆగుతోందని డాక్టరు పరీక్ష చేసి తేల్చారు. గురక కూడా దాని మూలానేనట. ఇక నుంచి రాత్రిపూట గాలి పంపే మిషను పెట్టుకుని పడుకోవాలి, మానితే గుండెకి మంచిది కాదు అన్నారు. మిషనుతో పేచీ లేదు. పేచీ అంతా మొహానికి తగిలించే మాస్కుతో. ముక్కూ నోరూ కలిపి మూసే రకం ఇచ్చారు. తెల్లారేసరికి ముక్కుదూలం మీద అచ్చు పడుతోంది, గాలి వచ్చి కళ్ళలో కొడుతోంది. అన్నయ్యగారు ఏడాదిగా మాస్కు పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నారని మీ అమ్మాయి చెప్పింది. అది ఏ రకమో రాయగలరు.

నా తొందరంతా గువ్వ కోసం. పోయిన సెలవుల్లో రెండో రాత్రే దిండు చంకన పెట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. "నాయనమ్మా, నీ గదిలో ఉరుముతోంది" అంది. ఉరిమేది తాతయ్య అని చెప్పాను. నమ్మినట్టు కనబడలేదు. నేను చెబుతున్న కథ నక్క నూతిలో పడిన చోట ఆగిపోయింది. ఏడాదిగా ఆ నక్క నూతిలోనే ఉంది. ఈసారి పిల్ల నా పక్కన పడుకోవాలి, నక్క పైకి రావాలి.

ఇట్లు,
గువ్వ నాయనమ్మ

తా.క. పిల్లకి లేనిపోనివి చెప్పకండి. అమ్మమ్మ రాత్రిళ్ళు విమానం నడుపుతుందని నాతో వాదానికి దిగింది. బట్టలు కుట్టే మనిషికి విమానం ఎక్కడిదే అంటే, "నీకు తెలీదులే" అంది.

*

ఏప్రిల్ 20

వదినగారికి మీ వదిన నమస్కరించి రాసేది,

మీ ఉత్తరం కుట్టుమిషను మీద పెట్టుకుని చదివాను. ఎవరిదో జాకెట్టు చెయ్యి ఒకటి తిరగబడి పడింది, అయినా పరవాలేదు. మాస్కుల సంగతి నన్ను అడిగి మంచిపని చేశారు. చెప్పుకోకూడదు గాని, ఈ విషయంలో మా ఇంటిని మించిన ఇల్లు లేదు. మా వారికి రకరకాలు మార్చి, ఏది ఎక్కడ నొక్కుతుందో, ఎక్కడ లీకవుతుందో కనిపెట్టి, చివరికి దారిలో పెట్టాను. ఇప్పుడు ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన వాళ్ళకి మా ఇంటి సంగతే చెబుతారు.

మాస్కంటే జాకెట్టు లాంటిది వదినగారూ. ఒకరి ఆదికి కుట్టింది ఇంకొకరికి పట్టదు. కూచుని పెట్టుకుని చూస్తే సరిపోయినట్టే ఉంటుంది, పడుకోగానే బుగ్గలు పక్కకి జారి కొలత మారిపోతుంది. అందుకని పడుకునే చూసుకోవాలి, మిషను వేసుకునే చూసుకోవాలి. పట్టీలు గట్టిగా లాగారా, గాలి ఇంకా ఎక్కువ పోతుంది. మొహం జిడ్డు లేకుండా కడుక్కోవాలి. మాస్కుని కూడా రోజూ కడగాలి. ముక్కు వరకే ఉండే రకం కొత్తది ఒకటి మా దగ్గర వాడకుండా ఉంది, పంపుతున్నాను. నోరు మూసుకుని నిద్రపోయే వాళ్ళకే అది పనికొస్తుందన్నారు, డాక్టరుగారికి చూపించి పెట్టండి. అంచులకి మెత్తటి నూలుతో తొడుగు కుట్టాను. అలాంటి తొడుగు కొట్లో దొరకదు.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. అన్నయ్యగారి మీసం మాటేమిటి? అంత మీసం మీద ఏ మాస్కు ఆనుతుంది? గాలంతా దాని సందుల్లోంచే పోతూ ఉంటుంది.

ఉంటాను,
గువ్వ అమ్మమ్మ

తా.క. విమానం మాట నాకేమీ తెలియదు. పిల్లలకి ఊహలు ఎక్కువ.

*

ఏప్రిల్ 27

గౌరవనీయులైన వదినగారికి,

మాస్కు అందింది. డాక్టరుగారు సరేనన్నారు. తొడుగు కుట్టు బాగుంది, నూటికి తొంభై వేస్తాను. ముక్కుదూలం మీద అచ్చు పోయింది. కళ్ళకి గాలి కొట్టడం లేదు. కాని కొత్త సంగతి ఒకటి మొదలైంది. ముక్కుకి కుడి పక్క, సరిగ్గా ఒకే చోట, గాలి పోయి ఈల వేస్తోంది. మామూలు ఈల కాదు. మా వారు రైలు గార్డుగా చేసిన మనిషి కదా, ఆ ఈల వినబడగానే ఉలిక్కిపడి లేచి కూర్చుని, పచ్చజెండా కోసం దిండు కింద తడుముకుంటున్నారు. ఇలా అయితే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

మీసం జోలికి మాత్రం రాకండి. మా పెళ్ళినాటి మీసం అది. ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి దాన్ని ఒకసారి దువ్వితే రైలు కదిలేది. జెండా ఊపడం నియమం కోసం.

ఇట్లు,
గువ్వ నాయనమ్మ

తా.క. గువ్వ పుట్టినరోజు ఫోటోలో మీ ముక్కుపుడక కనబడలేదు. ఇక్కడ ఎవరైనా అడిగితే మెరుగు పెట్టడానికి ఇచ్చారని చెబుతున్నాను. మన ఇంటి మనిషి నగ పారేసుకుందంటే బాగుండదు. నాది మా అత్తగారు పెట్టింది. పెట్టిన రోజు నుంచి తీసింది లేదు.

*

మే 3

వదినగారికి మీ వదిన నమస్కరించి రాసేది,

మీ ఉత్తరం చదివి అన్నయ్యగారి మీద గౌరవం పెరిగింది. మాస్కు పెట్టుకుని నిద్రపోతూ, తన ముక్కు ఈల తనే విని, తనే లేచి జెండా వెతుక్కోవడమంటే మాటలా. ఉద్యోగం అంటే అదీ. మా వారికి చెబితే ఆయన ఎందుకో చాలాసేపు నవ్వారు.

కాని ఈల మీసం వల్లే. నేను పందెం కాస్తాను. ఇంకో రకం పంపుతున్నాను, ముక్కు మీద ఏమీ ఉండదు, ముక్కురంధ్రాల దగ్గర చిన్న మెత్తలు రెండు ఆనుకుని ఉంటాయి అంతే. అది పెట్టుకోవాలన్నా మీసం అడ్డమే. గడ్డిలో పీట వేస్తే కదలకుండా ఉంటుందా? తీయించేయండి. ప్రాణం కంటే మీసం ఎక్కువా?

ఇంకో మాట. గువ్వని దింపడానికి మేమిద్దరం వస్తున్నాం. ఆ రాత్రి మా వారే అన్నయ్యగారి పక్కన కూచుని, మాస్కు ఎలా పెట్టుకోవాలో దగ్గరుండి చూపిస్తారు. మగవాళ్ళు మగవాళ్ళు మాట్లాడుకుంటే తొందరగా తెమిలిపోతుంది.

ఉంటాను,
గువ్వ అమ్మమ్మ

తా.క. ముక్కుపుడక మీరన్నట్టు కంసాలి దగ్గరే ఉంది. శీల వదులైంది. ఏడాదిగా బిగిస్తున్నాడు. నిదానం మనిషి.

*

మే 9

గౌరవనీయులైన వదినగారికి,

మీసం తీయించాము.

సెలూన్ అతను కత్తెర పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాడట. మా వారే ధైర్యం చెప్పారట. "రైలు నాది కాదు నాయనా, జెండా మాత్రం నాదే, కానివ్వు" అన్నారట. ఆ మాటకి అర్థమేమిటని ఆ అబ్బాయి నన్ను దారిలో ఆపి అడిగాడు. పెద్దవాళ్ళ మాటలు పెద్దయ్యాక తెలుస్తాయని చెప్పి వచ్చేశాను. అతనికి ఇద్దరు పిల్లలు.

ఇప్పుడు మా వారు బయటికి వెళితే పైపెదవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తున్నారు. పంటినొప్పా అని వీధివాళ్ళు పరామర్శిస్తున్నారు.

ఇంత చేసినా ఈల పోలేదు. ముక్కు వరకే ఉండే మాస్కు పెడితే కుడి పక్క ఈల వేస్తోంది. మెత్తల రకం పెడితే కుడి పక్కే లోపల గుచ్చుకుంటోంది. ఎడమ పక్క ఏ పేచీ లేదు. మీ పందెం మీరు ఓడారు.

మీ రాక మాకు సంతోషం. మీకు ఇష్టమైనవన్నీ చేసి పెడతాను. కాని అన్నయ్యగారు మా వారికి ఏమీ చూపించనక్కరలేదు. మా వారు అభిమానం గల మనిషి. ఆ మాటకొస్తే రెండు రోజులుగా మాస్కు పక్కన పెట్టేశాము. ఆ రెండు రోజులూ పగలు కుర్చీలోనే తల వాలిపోతోంది. పేపరు తిరగేసి పట్టుకున్నానని మా వారు చెప్పేదాకా నాకు తెలియలేదు. గువ్వ వచ్చేలోపు ఏం చేయాలో తోచకుండా ఉంది. ఈ మాట ఇంకెవరికీ రాయలేదు.

ఇట్లు,
గువ్వ నాయనమ్మ

తా.క. పాలు పోసే అతను తలుపు తీసిన మా వారిని చూసి, "పెద్దాయన ఊళ్ళో లేరా?" అని అడిగాడు. మా వారు లేరనే చెప్పి పంపేశారు.

*

మే 13

వదినా,

ఈసారి గారూ గీరూ లేకుండా రాస్తున్నాను. తలుపు వేసుకుని చదువుకో.

మీసం పోయింది, ఈల ఉంది. అదీ కుడి పక్కే ఉంది. మీసం రెండు పక్కలా ఉండేది కదా, గాలి ఒక పక్కే ఎందుకు పోవాలి అని నిన్నంతా ఆలోచించాను. మాస్కు పెట్టుకున్న మనిషి ఈల విని లేవడమేమిటి? మాస్కు తీసేస్తే అన్నయ్యగారు కదా కునికిపాట్లు పడాలి, పేపరు నువ్వు తిరగేసి పట్టుకోవడమేమిటి? కుట్టుపనిలో ఒక చోట ముడతపడితే అక్కడ గుడ్డ కింద ఏదో ఉందని అర్థం. అన్నయ్యగారు కుడి ముక్కుకి పుడక పెట్టుకోరు కదా వదినా.

తీసెయ్. రాత్రికి తీసి, పొద్దున పెట్టుకో. పై రాయి మాస్కు అంచుని ఎత్తుతుంది, లోపలి శీల మెత్తని గుచ్చుతుంది. నాకెలా తెలుసంటావేమో. నేనూ తీసేశాను కాబట్టి.

మా ఇంట్లో మిషను నాది. మా వారు పడుకుంటే ఉన్నారో లేరో తెలియదు, అంత నెమ్మది. ఏడాదిగా చుట్టాలందరి దగ్గరా ఆయన్ని గురక మనిషిని చేశాను. కనబడిన ప్రతివాళ్ళూ ఆయనకి గురకమందు చెబుతారు, ఆయన తలూపి రాసుకుంటారు కూడా. మొదటి రాత్రి మాస్కుతో నన్ను చూసి గువ్వ జడుసుకుంటే, విమానం నడుపుతున్నానని చెప్పాను.

మేము రావడం లేదు. పిల్లని అల్లుడు దింపుతాడు. ఇప్పుడు నువ్వూ నేనూ ఎదురుపడితే నవ్వకుండా ఉండలేం, నవ్వితే అందరికీ కారణం చెప్పాలి.

నీ వదిన

తా.క. అన్నయ్యగారి మీసానికి నా క్షమాపణలు. కాని నా పందెం సగం గెలిచినట్టే. అడ్డం ఉందన్నాను, ఉంది.

*

మే 24

వదినకి,

పది రోజులు జవాబు రాయలేదు. మూడు రోజులు కోపంతో రాయలేదు. మిగతా రోజులు నిద్రపోయాను.

అవును, మాస్కు నాదే. ముక్కుపుడక తీయడానికి మా వారే కూర్చున్నారు. కొబ్బరినూనె చుక్క వేసి, కళ్ళజోడు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి శీల తిప్పారు. అది రాగానే అరచేతిలో పెట్టి, "బండి కదలొచ్చు" అన్నారు. ఆ రాత్రి ఈల లేదు. తెల్లారి లేచి చూసుకుంటే, మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. నీ తొడుగుకి నూటికి నూరు. నేను నూరు వేసిన వాళ్ళు నా ఉద్యోగంలో చాలా తక్కువ.

గువ్వ వచ్చింది. మొదటి రాత్రి మాస్కు చూసి, "నువ్వు కూడానా?" అంది. మీ అమ్మమ్మ కంటే ఎత్తున నడుపుతాను అన్నాను. పక్కన పడుకుంది. దిండు ఎక్కడికీ పోలేదు. నక్క నూతిలోంచి పైకి వచ్చింది, వచ్చి ఒక బాతుతో స్నేహం కూడా చేసింది.

ఇప్పుడు అసలు సంగతి. పొద్దున్నే పిల్ల నా మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడి, నాకు క్షమాపణ చెప్పింది. "నాయనమ్మా, పోయినసారి నువ్వు చెప్పింది నిజమే. ఉరిమేది తాతయ్యే" అంది.

నాకు అర్థం కాలేదు. మరుసటి రాత్రి మాస్కు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నిద్రపోకుండా విన్నాను. నిజమే వదినా. మా వారు ఉరుముతున్నారు. ఉరిమి, ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ ఉరుముతున్నారు. ఇన్నేళ్ళూ నా చప్పుడులో ఆయనది కలిసిపోయింది. పెద్ద బండి పోతుంటే పక్కన చిన్న బండి వినబడదు కదా. దానికి తోడు నా మూలాన ఆయన సరిగ్గా నిద్రపోయిందీ లేదు.

కాబట్టి ఏప్రిల్ 14న నేను నీకు రాసిన ఉత్తరం ఇంకోసారి తీసి చూసుకో. మా వారికి గురక ఉందని రాశాను. ఉంది. ఊపిరి ఆగుతోందని రాశాను. ఆగుతోంది. నేను ఎన్నడూ అబద్ధం రాసే మనిషిని కాను. తేదీ కాస్త ముందు వేశాను, అంతే.

నీ వదిన

తా.క. ఇక మీదట జరగవలసినవి:

1. మా వారు సోమవారం నిద్ర పరీక్షకి వెళ్ళాలి. డాక్టరుగారు నన్ను చూసి ఏమీ అనకూడదు.

2. ఆయనకి మాస్కు కుదిరేదాకా మీసం పెంచకూడదు. ఈ సంగతి ఆయనకింకా చెప్పలేదు.

3. అన్నయ్యగారు ఏడాదిగా రాసిపెట్టుకున్న గురకమందులన్నీ మా వారికి అప్పగించి, ఇక విశ్రాంతి తీసుకోవాలి.

4. నువ్వు మగవాళ్ళ కొలతకి ఒక తొడుగు కుట్టాలి. పచ్చరంగు గుడ్డ అయితే ఆయన మాట్లాడకుండా పెట్టుకుంటారు.

5. నీ కంసాలికి నిదానం చాలని చెప్పి ముక్కుపుడక తెప్పించుకోవాలి. పగలు పెట్టుకో, నేనూ పెట్టుకుంటున్నాను. వచ్చే పుట్టినరోజు ఫోటోలో రెండూ కనబడాలి.

6. మన కుటుంబంలో రెండు విమానాలున్నాయని గువ్వ ఎవరికీ చెప్పకూడదు. చెప్పి తీరతాను అంటే, నాది పెద్దదని చెప్పాలి.