ఆఖరి చరణంలో పేరు

1983 జూలై 9, శనివారం

ఆదోనిలో ఈయన మీటింగ్. లా ప్రొఫెసర్ గారు కాపీరైట్ చట్టం సడలించాలని ఊరూరా తిరుగుతున్నారు కదా. పుస్తకం కొనలేని పిల్లవాడు కాపీ చేసుకుంటే దొంగ ఎలా అవుతాడని అడిగారు. నిజమే అనిపించి నేనూ చప్పట్లు కొట్టాను. చివర్లో నా హారతి పాటల పుస్తకం పైకెత్తి, మా ఆవిడ రాసింది, ఎవరైనా అచ్చు వేసుకోండి, అడగక్కర్లేదు అనేశారు.

నన్నూ అడగలేదు.

జూలై 10

నిలదీశాను. మనింటి పుస్తకమే గదే అన్నారు. ఆయన థీసిస్ ఆయనది. నా పాటలు మాత్రం మనింటివి!

ఆగస్టు 6

ఎమ్మిగనూరు ప్రెస్సు రంగప్ప అచ్చేశాడు. అట్ట మీద ఈయన పేరు, 'ప్రొఫెసర్ భీమసేనరావు' అని ఉంది. లోపల ఇంకా ఘోరం. పాట కట్టినవాళ్లు ఆఖరి చరణంలో తమ పేరు పెట్టుకోవడం మా వైపు ఆచారం. ప్రతి పాటలోనూ 'ఇందిర' తీసేసి 'భీమసేన' అని పెట్టాడు. తాళం కుంటుతోంది.

బస్సెక్కి పోయి కడిగేశాను. రంగప్ప బిత్తరపోయాడు. "సారే గదమ్మా స్టేజీ మీద సెప్పింది, ఎవురన్నా ఏసుకోండని. ఆడోళ్ల పేరు బజార్లో పెడితే బాగుండదని సారు పేరు ఏసినా. తప్పా?" అన్నాడు. మర్యాద చేశాననుకుంటున్నాడు మహానుభావుడు.

ఈయనకు చూపించాను. మొదట నవ్వారు. కేసు అనేసరికి నవ్వు ఆగింది. కాపీ చేసినవాడి మీద సొంత ఇంట్లోంచే కేసు పడితే, కాపీరైట్ చట్టం మార్చడానికి వేసిన ఢిల్లీ కమిటీ ముందు తన మాట చెల్లదట. కమిటీ అయ్యేదాకా గమ్మునుండమన్నారు.

ఆగస్టు 14

హాలహర్విలో పెళ్లి. హారతి పళ్లెం పట్టుకుని పెళ్లికూతురి మేనత్త లక్ష్మీబాయి నా పాట ఎత్తుకుంది. ఆఖరి చరణంలో ఆయన పేరు. ఆగలేక గొంతు పెంచి నా పేరు పాడాను. అందరూ నిలిచిపోయారు. "అది తప్పమ్మా ఇందిరా, బుక్కులో అట్ల లేదు గదా" అని లక్ష్మీబాయి నన్ను దిద్దింది. పుస్తకం తెచ్చి చూపించింది కూడా.

పెళ్లి భోజనం ముట్టలేదు.

ఆగస్టు 16

కమిటీకి పంపే మెమొరాండం టైప్ చేయమని ఈయన ఇచ్చారు. ఇన్నేళ్లుగా ఆయన నోటీసులన్నీ టైప్ చేసింది నేనే. దాన్ని పక్కన పెట్టి నా నోటీసు టైప్ చేశాను. పాడుకోండి, అచ్చేసుకోండి, అడ్డు చెప్పను. పేరు మార్చే హక్కు ఎవరికీ లేదు. అట్టా చరణాలూ మార్చకపోతే కోర్టు. రంగప్పకు ఒకటి, ఈయనకు ఒకటి, కమిటీకి ఒకటి. మూడూ రిజిస్టర్డ్ పోస్టు చేశాను.

ఆగస్టు 19

రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. ఈయనే సంతకం పెట్టి తీసుకున్నారు. నిలబడే చదివారు. మళ్లీ చదివారు. డ్రాఫ్టింగ్ బాగుంది, ఏ వకీలు రాసిచ్చాడే నీకు, అన్నారు.