మార్కులు వేయని సినిమా

ఉమక్కా,

ఎట్లున్నవు? మా వనపర్తి ఫిలిం క్లబ్బులో ఈ నెల తైవాన్ కొత్త దర్శకుల చిన్న సినిమాలు వేశారు. మార్కులు వేసేవాళ్లలో నేనూ ఉన్నాను. అన్నిటికీ వేశాను, ఒక్కదానికి తప్ప.

అందులో అక్కాచెల్లెళ్లు విత్తనానికి పల్లికాయ ఒలుస్తుంటారు. ఒక్క మాటా ఉండదు. చెల్లి అటు తిరిగినప్పుడల్లా అక్క తాను ఒలిచిన గింజలు చెల్లి చాటలోకి నెడుతుంది. అంతే.

"గిండ్ల కథేముంది మేడం? గింజలు ఇటువి అటు ఏసుడే గద!" అన్నాడు పక్కనున్న మహిపాల్ సారు.

"జర ఆమె చేతులు చూడుండ్రి సార్" అని కసిరాను. మార్కుల కాగితంలో ఆ గడి ఖాళీగానే వదిలేశాను.

నాన్న పొలం పంచుకున్నప్పటి నుంచి నువ్వు మా గడప తొక్కలేదు. ఎవరిది తప్పని అడగడానికి రాయడం లేదు. చిన్నప్పుడు నా చాట ముందే ఎట్ల నిండేదో నీకే తెలుసు. అందుకే ఈ సినిమాకు నేనొక్కదాన్నే మార్కులు వేయలేను.

ఆదివారం దాకా గడువుంది. విత్తనపు కాయ మీద ముందే నీళ్లు చల్లి మెత్తబెడతాను. ఒలుస్తూ ఫోన్లో చూద్దాం, రా. అమ్మ చాటలు రెండూ నా వాటాలోకే వచ్చాయి. ఒకటి నీది.

నీ చెల్లె